పదిహేనేళ్లకే పెద్దరికమా?

సావనీరుకు వ్యాసం ఇమ్మని మన సంఘం కార్యదర్శి నాలుగుసార్లు నా హాస్టలు గదికి వచ్చాడు. నాలుగోసారి తప్పించుకోలేక, "ఫిగర్ స్కేటింగ్ మీద రాస్తాను" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "పుల్ల ఐసు తప్ప వేరే ఐసు ఎరగనివాళ్లం. మనకెందుకు గురూ ఆ గొడవ?" అన్నాడు. గదిలో వున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

నిజమే. నేను ఏనాడూ మంచు మీద కాలు పెట్టినవాణ్ణి కాను. భౌతికశాస్త్రం క్లాసులో తిరిగే వస్తువుల లెక్కలు చెబుతూ మా మేష్టారు ఉదాహరణకని ఒక స్కేటర్ వీడియో చూపించారు. ఆనాటి నుంచి పట్టుకున్న పిచ్చి ఇది. అయినా ఇది మరీ పరాయి ఆట అనడానికి వీల్లేదు. దీనికి చక్రాల మీద తిరిగే చెల్లెలు ఒకటి వుంది. ఆ రోలర్ స్కేటింగ్‌లో మన హైదరాబాదుకు చెందిన అనూప్‌కుమార్ యామా 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి కాంస్య పతకాలు తెచ్చారు.

అదలా వుంచండి. జూనియర్, సీనియర్ అన్న రెండు మాటల మధ్య నలగనివారు ఈ కళాశాలలో ఎవరున్నారు? జూనియర్ కాలేజీలో మొదటి వరసలో కూర్చుని, ఇక్కడికొచ్చి మొదటి పరీక్షలోనే చతికిలబడ్డవాళ్లు ఎందరో. అందులో నేనొకణ్ణి. కాకపోతే మనకు ఆ దెబ్బ పదిహేడు, పద్దెనిమిదేళ్లప్పుడు తగిలింది. లేచి నిలబడడానికి బోలెడంత టైముంది. ఫిగర్ స్కేటింగ్‌లో ఆడపిల్లకు ఆ మలుపు మొన్నమొన్నటి దాకా పదిహేనేళ్లకే వచ్చేది. కొందరికి అదే ఆరంభం, రెండేళ్లు తిరగకుండా అదే ముగింపు. నేను రాయదలచింది దాన్ని గురించి.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. స్కేటర్ రెండుసార్లు మంచు మీదికి వస్తుంది: ఒకటి షార్ట్ ప్రోగ్రాం, రెండోది ఫ్రీ స్కేటింగ్. సంగీతానికి తగినట్టు కదులుతూ, గాలిలోకి ఎగిరి గిరగిరా తిరిగి ఒంటికాలి మీద దిగాలి, బొంగరంలా నిలిచి తిరగాలి, బూటు అంచులతో మంచు మీద గీతలు గీయాలి. ఫ్రీ స్కేటింగ్ జూనియర్లకు మూడున్నర నిమిషాలు, సీనియర్లకు నాలుగు. అర నిమిషమే కదా అనిపిస్తుంది. ఊపిరి అయిపోయాక మిగిలిన అర నిమిషం ఎంత పొడుగుంటుందో పరుగుపందెం పరిగెత్తినవాళ్లను అడగండి. మార్కులు రెండు రకాలు. చేసిన ప్రతి విన్యాసానికీ ఒక పట్టిక ప్రకారం ధర. అది కాక, కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడు అంశాలకు పదికి ఇంతని జడ్జీలు వేసే మార్కులు. జూనియర్‌గా వున్నప్పుడు మొదటి రకం మార్కులతోనే నెట్టుకు రావచ్చు. సీనియర్లలో రెండో రకం కూడా కావాలి. అవి పావు మార్కు చొప్పున సంవత్సరాల తరబడి కూడబెట్టుకోవలసినవి.

వయసు నియమం ఈ ఆటకు మొదటి నుంచీ లేదు. 1924లో షమోనీ ఒలింపిక్స్‌లో నార్వే పిల్ల సోన్యా హెనీ దిగినప్పుడు ఆమెకు పదకొండేళ్లు. ఆ ఏడు ఆఖరి స్థానం. తర్వాత మూడు ఒలింపిక్స్‌లో వరసగా ఆమెదే బంగారం. జూనియర్లకంటూ ప్రపంచ పోటీ 1976లో ఫ్రాన్సులోని మెజేవ్‌లో మొదలైంది. సీనియర్ అనిపించుకోవాలంటే జూలై 1 నాటికి పదిహేనేళ్లు నిండి వుండాలన్న నియమం 1996లో వచ్చింది. అప్పటికే పెద్దల పోటీలో ఆడిందన్న లెక్కన అమెరికా అమ్మాయి టారా లిపిన్‌స్కీకి దాన్నుంచి మినహాయింపు దొరికి, 1997లో పద్నాలుగేళ్లకు ప్రపంచ విజేత, 1998లో పదిహేనేళ్లకు ఒలింపిక్ విజేత అయింది. జపాను అమ్మాయి మావో అసాడాకు మినహాయింపు దొరకలేదు. 2005 డిసెంబరులో గ్రాండ్ ప్రీ ఫైనల్లో పెద్దలందర్నీ ఓడించి కూడా, 1990 సెప్టెంబరు 25న పుట్టిన నేరానికి, 87 రోజుల తేడాతో 2006 టురిన్ ఒలింపిక్స్ పోగొట్టుకుంది. తర్వాత మూడుసార్లు ప్రపంచ విజేత అయింది గాని, ఒలింపిక్ బంగారం మాత్రం జన్మలో అందలేదు. నియమాల్ని సమర్థించేవాళ్లు ఈ అమ్మాయి మొహం ఒకసారి తలచుకుని మాట్లాడాలి. నేనూ తలచుకునే మాట్లాడుతున్నాను.

ఇప్పుడు నా వాదనకు ఆయువుపట్టులాంటి ఒక ఫొటో. 2017లో తైపేలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల బహుమతి వేదిక. మధ్యలో రష్యా అమ్మాయి అలీనా జగితోవా. రెండో మెట్టు మీద మారిన్ హోండా, మూడో మెట్టు మీద కావొరి సకమొటో, ఇద్దరూ జపాను వాళ్లు. మరుసటి ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్. పదిహేనేళ్ల జగితోవా బంగారం గెలిచింది. సకమొటోకు ఆరో స్థానం. ఆ రోజున ఎవర్ని అడిగినా, జూనియర్ నుంచి సీనియర్‌కు దారి అంటే జగితోవాది అనే చెప్పేవారు.

నెల తిరగకుండానే ప్రపంచ పోటీల్లో జగితోవా అయిదో స్థానానికి పడింది. ఎత్తు పెరుగుతోంది, జంపులు తడబడుతున్నాయి. అయినా పట్టుదల మనిషి, 2019లో ప్రపంచ విజేత అయింది. అదే ఏడాది డిసెంబరులో గ్రాండ్ ప్రీ ఫైనల్. ఆరుగురిలో ఆఖరు ఆమె. ముందు ముగ్గురూ, కొస్తోర్నయా, షెర్బకోవా, త్రుసోవా, ఆ సంవత్సరమే జూనియర్ నుంచి వచ్చిన పిల్లలు. ముగ్గురూ జగితోవా కోచ్ దగ్గరి వాళ్లే. ఆ నెలలోనే పోటీలకు సెలవు చెప్పేసింది. అప్పటికామెకు పదిహేడేళ్లు. ఒక ఒలింపిక్ విజేత, పదిహేడేళ్లకు, పాతదైపోయింది!

మూడో మెట్టు మీది సకమొటో ఏమైంది? నెమ్మదిగా పెరిగింది. ఒక ఏడు బాగా, ఒక ఏడు పేలవంగా ఆడింది. నాలుగు చుట్ల జంప్ లేదు, మూడున్నర చుట్ల యాక్సెల్ కూడా లేదు. వున్నదల్లా పరుగు, గాలిలా వచ్చి ఎగిరే రెండున్నర చుట్ల యాక్సెల్, మంచు మీద మెత్తగా దిగే కాలు. 2022 బీజింగ్‌లో కాంస్యం. ఆ తర్వాత 2022, 2023, 2024 మూడేళ్లూ వరసగా ప్రపంచ విజేత. ఆడవాళ్లలో అలా మూడేళ్లు వరసగా గెలవడం 1968లో పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత ఆమెకే చెల్లింది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఒకరు శ్రమజీవి, ఇంకొకరు కాదు అంటే మహాపాపం. ఇద్దరూ తెల్లవారుజామున లేచి మంచు మీదికి వెళ్లినవాళ్లే. కారణం రెండు చోట్ల వుంది: శరీరంలో, మార్కుల పట్టికలో.

చిన్న లెక్క ఒకటి చెబుతాను, ఆర్ట్సు మిత్రులు క్షమించాలి. స్కేటర్ జంప్‌లో గాలిలో వుండేది సెకనులో సుమారు మూడింట రెండు వంతులు. ఆ కాస్తలో నాలుగు చుట్లు తిరగాలంటే చేతులు గుండెకు హత్తుకుని, కాళ్లు మెలివేసి, ఒళ్లంతా కదురులా సన్నం చేసుకోవాలి. తిరగడానికి వస్తువు చేసే మొరాయింపును జడత్వ భ్రామకం అంటాం. ఒక పిల్ల అన్ని కొలతల్లోనూ నూటికి పది చొప్పున పెరిగిందనుకోండి. బరువు మూడోవంతు పెరుగుతుంది. జడత్వ భ్రామకం నూటికి అరవై పెరుగుతుంది! కాళ్లలో బలం పెరగదని కాదు, పెరుగుతుంది. కాని ఆ లెక్కన పెరగదు. అంటే పదమూడేళ్లకు అవలీలగా వచ్చిన జంప్ పదహారేళ్లకు రాకపోతే అది ఆ పిల్ల బద్ధకం కాదు, లెక్క. మగపిల్లలకు ఆ ఈడులోనే కండపుష్టి కూడా వస్తుంది గనక వాళ్లకు గాలి వీపున వీస్తుంది. యుజురు హన్యూ 2010లో జూనియర్ ప్రపంచ విజేత, 2014లోనూ 2018లోనూ ఒలింపిక్ విజేత. ఇల్యా మలీనిన్ 2022 వసంతంలో జూనియర్ విజేత. ఆ సెప్టెంబరులోనే, పోటీల్లో అంతకుముందు ఎవరూ చేయని నాలుగున్నర చుట్ల యాక్సెల్ చేశాడు. మగపిల్లలకు జూనియర్ అంటే మెట్టు. ఆడపిల్లలకు మాత్రం అదే శిఖరం అయి కూర్చుంటోంది.

శరీరం సంగతి ప్రకృతి చేతిలో వుంది. పట్టిక మన చేతిలో, అంటే అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ చేతిలో వుంది. 2018లో సవరించిన పట్టికలో మూడు చుట్ల లట్జ్ జంప్ ధర 5.9. అదే లట్జ్ నాలుగు చుట్లయితే 11.5. ఒక్క చుట్టుకు దాదాపు రెట్టింపు. ఇంత గిట్టుబాటు ధర కట్టాక ఏ కోచ్ ఊరుకుంటాడు? 2018 మార్చిలో సోఫియాలో జూనియర్ ప్రపంచ పోటీల్లో పదమూడేళ్ల అలెగ్జాండ్రా త్రుసోవా ఒకే ప్రోగ్రాంలో రెండు నాలుగు చుట్ల జంపులు చేసి గెలిచింది. ఆడపిల్లల్లో అది మొదటిసారి. నేనా వీడియో చూసి గదిలో చప్పట్లు కొట్టిన మాట నిజం. ఎలా కొట్టకుండా వుంటాం? గాలిపటంలాంటి పిల్ల. కాని ఆ చప్పట్లలో నా వాటా తప్పు కూడా వుందని తర్వాత అనిపించింది.

ఆ తప్పుకు శిక్ష బీజింగ్‌లో 2022 ఫిబ్రవరి 17న పడింది. జూనియర్ నుంచి వచ్చి ఏడాదైనా కాని కమీలా వలియేవా, పదిహేనేళ్లది, అందరికంటే మేటి. అంతకుముందు డిసెంబరు 25న తీసిన శాంపిల్‌లో ట్రైమెటాజిడిన్ అనే గుండెజబ్బు మందు దొరికిందని ఆటలు జరుగుతుండగా బయటపడింది. విచారణ తేలకపోయినా ఆడనిచ్చారు. ప్రపంచమంతా చూస్తుండగా ఆ పిల్ల పడింది, లేచింది, మళ్లీ పడింది. నాలుగో స్థానం. అయిదు నాలుగు చుట్ల జంపులు చేసి కూడా రెండో స్థానం వచ్చిన త్రుసోవా ఇక మంచు మీద కాలు పెట్టనంటూ ఏడ్చింది. బంగారం గెలిచిన షెర్బకోవా ఎవరూ పలకరించేవాళ్లు లేక ఒక మూల ఒంటరిగా నిలబడింది. ముగ్గురూ ఒకే కోచ్ శిష్యులు. గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఒకటే మొహం. 2024 జనవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం వలియేవాకు నాలుగేళ్ల నిషేధం వేసింది. మందు ఆమె చేతికి ఇచ్చిన పెద్దలెవరో ఆ తీర్పు వల్ల మనకు తెలియలేదు. పిల్లకు మాత్రం శిక్ష పడింది.

2022 జూన్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో సమావేశమైన యూనియన్, 100 మంది అవును, 16 మంది కాదు అనగా, సీనియర్ కనీస వయసు పదిహేను నుంచి పదిహేడుకు పెంచింది. 2023-24లో పదహారు, 2024-25 నుంచి పదిహేడు. నేనీ నిర్ణయాన్ని సమర్థిస్తున్నాను. కాని అది సగం పనే అని నా అభిప్రాయం.

మా గదిలో దీని మీద పెద్ద రగడే జరిగింది. నా రూమ్‌మేట్ వాదన కాదనలేనిది. "మావో షిమాదా సంగతేమిటి మరి?" అన్నాడు. అసాడా మీది అభిమానంతో తల్లిదండ్రులు ఆ పేరు పెట్టిన పిల్ల. 2023, 2024, 2025 మూడేళ్లూ జూనియర్ ప్రపంచ విజేత. సొంత దేశంలో పెద్దలతో తలపడి కూడా పతకాలు తెచ్చుకుంది. పుట్టింది 2008 అక్టోబరు 30న. నాలుగు నెలల తేడాతో 2026 మిలాన్ ఒలింపిక్స్‌కు అర్హత లేకపోయింది. పేరుతో పాటు ఆ పెద్ద మావో దురదృష్టం కూడా వచ్చిందన్నమాట! ఏ తప్పూ చేయని పిల్లను, ఎవరో చేసిన పాపానికి గుమ్మం బయట నిలబెట్టడం న్యాయమేనా అని వాడి ప్రశ్న.

న్యాయం కాదు. ఒప్పుకుంటాను. గీత ఎక్కడ గీసినా దానికి అటు నాలుగు నెలల్లో ఒక షిమాదా వుంటుంది. కాని గీతే లేకపోతే ఏమవుతుందో బీజింగ్‌లో చూశాం. ఒక పిల్ల నాలుగేళ్లు ఆగితే ఇంకో ఒలింపిక్స్ వుంది. పదిహేనేళ్లకు విరిగిన వెన్నుకు, తిండి మానేసి చెడగొట్టుకున్న ఒంటికి అలాంటి వాయిదా లేదు. 2014 సోచీలో పదిహేనేళ్లకే జట్టు బంగారం సాధించిన యూలియా లిప్నిత్స్కయా, తిండి సహించని జబ్బు పాలై పంతొమ్మిదేళ్లకు ఆట వదిలేసింది. తానే ఆ సంగతి బయటపెట్టిన ధైర్యవంతురాలు గనక మనకు తెలిసింది. చెప్పుకోనివాళ్లు ఎందరో!

నా అసంతృప్తి వేరు. గుమ్మం పైకి జరిపారు గాని ధర తగ్గించలేదు. పదిహేడు దాకా పెద్దల పోటీ లేదు సరే, జూనియర్ పోటీల్లో నాలుగు చుట్లకు అదే పెద్ద ధర వుంటే, ఆ పిల్లను పదమూడేళ్లకు అదే జంప్ కోసం రోజుకు ఇన్నిసార్లని మంచు మీద పడేయరా? వెనక త్రుసోవా చేసింది జూనియర్‌లోనే కదా. నా మటుకు నేను, జూనియర్ పోటీల్లో నాలుగు చుట్లకు మూడు చుట్ల ధరే కట్టమంటాను. చేయగలిగినవాళ్లు సరదాకు చేసుకోనీ. దాని మీద పతకం ఆధారపడకూడదు. అప్పుడు కోచ్‌లు ఆ పిల్లలకు మంచు మీద నడక నేర్పుతారు, పాట వినడం నేర్పుతారు. ముప్పయ్యేళ్లకు కూడా చెడని విద్యలు అవి.

పట్టిక మార్చడం అంత తేలికా అంటారేమో. జగితోవా ప్యాంగ్‌చాంగ్‌లో తన జంపులన్నీ ప్రోగ్రాం రెండో సగంలో పెట్టుకుంది, అప్పట్లో రెండో సగం జంపులకు నూటికి పది ఎక్కువ ఇచ్చేవారు గనక. అది ఫిబ్రవరి. జూన్‌కల్లా యూనియన్ ఆ నియమం మార్చి, షార్ట్ ప్రోగ్రాంలో ఆఖరి ఒక్క జంప్‌కూ, ఫ్రీలో ఆఖరి మూడింటికీ మాత్రమే ఆ అదనం అంది. చూసేవాళ్లకు ప్రోగ్రాం అందంగా లేదని నాలుగు నెలల్లో మార్చగలిగినవాళ్లు, పిల్లల నడుముల కోసం మార్చలేరా?

ఇక ఆగితే వెనకబడిపోతాం అన్న భయం గురించి. మన హాస్టళ్లలో కూడా ఇది తెలిసిన భయమే. ఒక సప్లిమెంటరీ రాస్తే జీవితం అయిపోయినట్టు మొహాలు పెడతాం. అమెరికా అమ్మాయి అలీసా ల్యూ 2019లో పదమూడేళ్లకు తన దేశపు సీనియర్ విజేత. ఆ వయసులో ఆ టైటిల్ ఇంకెవరికీ రాలేదు. 2022లో ఒలింపిక్స్ ఆడి, ప్రపంచ కాంస్యం తెచ్చి, పదహారేళ్లకే చాలించింది. స్నేహితులతో తిరిగింది, హిమాలయాల్లో ఎవరెస్టు బేస్ క్యాంపు దాకా నడిచింది, లాస్ ఏంజెలిస్‌లో యూనివర్సిటీలో చేరింది. 2024లో తనంతట తాను మళ్లీ బూట్లు కట్టుకుంది. 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ విజేత. అప్పటికి పంతొమ్మిదేళ్లు. రెండో స్థానం ఎవరిదనుకున్నారు? సకమొటోది.

ఇంకొకావిడ కథ నమ్మడం కష్టం. డియాన్నా స్టెల్లాటో 2000లో అమెరికా తరఫున జూనియర్ ప్రపంచ రజతం గెలిచింది. తుంటి గాయాలతో పదిహేడేళ్లకు ఆట మానేసింది. ఉద్యోగం చేసుకుంది. పదహారేళ్ల తర్వాత, 2016లో తిరిగి మంచు ఎక్కింది. ఈసారి జంటల విభాగంలో, చివరికి కెనడా తరఫున. 2024లో మాంట్రియల్‌లో మాక్సిమ్ డెషాంతో కలిసి ప్రపంచ విజేత అయింది, నలభయ్యేళ్లకు! ఈమెకు జూనియర్ నుంచి సీనియర్‌కు రావడానికి పట్టిన కాలంలో మన కాలేజీలో ఎన్ని బ్యాచ్‌లు బయటికి వెళ్లాయో లెక్కవేసుకోండి.

కార్యదర్శి ఈ వ్యాసం రాతప్రతి చదివి, "అంతా బాగానే వుంది, మన కాలేజీ ముక్క ఒకటి చివర్న పెట్టరాదూ" అన్నాడు. నాకు తోచలేదు. షిమాదాకు సీనియర్ అర్హత 2026 జూలైతో మొదలయ్యే సీజను నుంచి. ఆమె మొదటి పోటీ ఎప్పుడొచ్చినా, తెల్లవారుజామున మూడింటికైనా సరే, లేచి చూస్తానని మా రూమ్‌మేట్‌తో పందెం వేశాను. అంతకుముందు ఆ ఏటి మార్కుల పట్టిక తెచ్చుకుని, నాలుగు చుట్ల లట్జ్ ఎదురుగా ఎంత అంకె వేశారో చూడాలి.